బడిలో విజ్ఞానశాస్త్రము – సంఘము చేయదగిన పరిచర్య

(డయోసీసు శతవార్షికోత్సవముల సందర్భముగా విశాఖపట్టణములో జరిగిన విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో ఆరాధనను గురించి, వైద్య సేవను గురించి, స్త్రీల సమాజముల కృషిని గురించి పెద్దలు చక్కగా మాట్లాడారు. మాకు అప్పగించిన అంశము బడి. అందులోనూ బడిలో విజ్ఞానశాస్త్ర బోధన. కాపరికి ఈ విషయముతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. మేము చదివినది వేదాంత కళాశాలలోనే గాని సైన్సు కళాశాలలో కాదు. కనుక శాస్త్రమును మీకు బోధించుటకు మేము ఇక్కడ నిలువలేదు. శాస్త్రము నేర్చుకొనవలసిన పిల్లలకు సంఘము ఏమి ఇవ్వగలదు, ఎట్లు ఇవ్వగలదు అన్నంత వరకే మా మాట.

మన సంఘ చరిత్రలో గుడి, బడి కలిసే నడిచాయి. లండన్ మిషనరీ సొసైటీ వారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అను ఇద్దరు 1805లో ఈ పట్టణమునకు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. ఒకరు 1809లో, మరొకరు 1810లో కన్నుమూశారు. వారికి దొరికినది కొద్ది కాలము. ఆ కొద్ది కాలములో బడి ముందా, గుడి ముందా అని వారు తర్కించుకొనలేదు. చదువు రాని చేతికి గ్రంథమిచ్చి ఏమి ప్రయోజనమని వారికి తెలుసు. ఆ లెక్కనే మరి కొంచెము ముందుకు సాగించి, చుట్టునున్న సృష్టిని చదువుట రాని పిల్లవానికి మనము ఏమి ఇస్తున్నాము అని నేడు ప్రశ్నించుకొనవలసి ఉన్నది.

ఈ పట్టణము చెప్పే సంగతి

విశాఖపట్టణము అనగానే ఓడలు, ఉక్కు అంటాము. కాని ఓడరేవు కంటె, ఉక్కు కర్మాగారము కంటె ముందే ఈ ఊరికి శాస్త్రముతో సంబంధమున్నది. గోడే వెంకట జగ్గారావు గారు మద్రాసులో ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తయైన టేలర్ దొరగారి వద్ద నేర్చుకొని వచ్చి, 1840లో తన స్వంత ఖర్చుతో ఇక్కడ నక్షత్రశాలను నెలకొల్పారు. ఊరి వారికి సరియైన వేళ తెలియుటకై డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభమును నాటించారు. ఆయన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ నక్షత్రశాలను నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమును దాటుట చూసి, ఆ కొలతలను నరసింగరావు గారు లండనులోని ఖగోళ సంఘమునకు వ్రాసి పంపారు. ఆ దృశ్యమును 2004 జూన్ 8న, మరల 2012 జూన్ 6న చూచే భాగ్యము మన తరమునకు కలిగింది. తిరిగి 2117 దాకా అది రాదు. 2004లోనూ 2012లోనూ మన బడులలో ఎందరు పిల్లలకు దానిని చూపించామో ఎవరి బడి సంగతి వారు జ్ఞాపకము చేసుకొనవచ్చును.

కథ అంతటితో ఆగలేదు. 1860లో ఈ ఊరిలో వెలసిన ఒక పాఠశాల 1878లో కళాశాల అయింది. నరసింగరావు గారి భార్య అచ్చయ్యమ్మ గారి ధర్మమువలన దానికి ఆమె పేరు వచ్చింది. మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అని మనము రోజూ పలికే పేరులోని ఆ ‘మిసెస్’ ఆమెయే. జగ్గారావు గారి కుమార్తె ఆమె. 1892లో ఆ కళాశాలకు గణితము, భౌతికశాస్త్రము చెప్పుటకు తిరుచిరాపల్లి వైపు నుండి చంద్రశేఖర అయ్యర్ గారు వచ్చారు. వారితో వచ్చిన నాలుగేండ్ల పిల్లవాడు సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండవ ఏట మెట్రిక్యులేషన్, ఏ.వి.ఎన్.లో చదివి పదమూడవ ఏట ఎఫ్.ఏ. పూర్తి చేశాడు. ఆ పిల్లవాడే సర్ సి.వి. రామన్. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్న దానికి 1930లో నోబెల్ బహుమానము లభించింది. 1987 నుండి ఆ తేదీని దేశమంతటా జాతీయ విజ్ఞాన దినముగా జరుపుతున్నారు. సెయింట్ అలోషియస్ మన కతోలిక సోదరుల పాఠశాల అని ఇక్కడ కృతజ్ఞతతో చెప్పుకొనవలెను.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సంగతి చూడండి. 1926లో ఏర్పడి, కొద్ది కాలమునకు వాల్తేరు చేరింది. జయపురము మహారాజా విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొనగా సైన్సు, టెక్నాలజీ కళాశాల ఆయన పేరుతో నిలిచింది. రామన్ గారి శిష్యులు సూరి భగవంతం గారు అక్కడ భౌతికశాస్త్రము, టి.ఆర్. శేషాద్రి గారు రసాయనశాస్త్రము చెప్పారు. జగద్విఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గణితములో ఎం.ఏ. పట్టా పొందినది అక్కడనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఈ ఊరి శాస్త్ర చరిత్రలో ప్రతి మెట్టు క్రింద ఒకరి కానుక ఉన్నది. ఒకరు దుర్భిణి కొన్నారు. ఒకరు తన భర్త జ్ఞాపకముగా కళాశాలను నిలిపారు. ఒకరు ఏటేటా సొమ్ము పంపారు. అచ్చయ్యమ్మ గారికి రామన్ ఎవరో తెలియదు. తన ధర్మము ఎవరి చేతికి అందుతుందో తెలియకయే ఆమె ఇచ్చింది. విత్తువాడు ఒకడు, కోయువాడు ఒకడు అను సంగతి మన సంఘమునకు ఒకరు చెప్పవలసినది కాదు.

వెలుపల ప్రయోగశాల, లోపల తాళము

1933లో రేవు తెరిచారు. 1948 మార్చి 14న ఇక్కడి నౌకా నిర్మాణశాలలో తయారైన ‘జలఉష’ను నెహ్రూ గారు నీటిలోకి ప్రవేశపెట్టారు. 1966లో ఉక్కు కోసము ప్రాణములిచ్చిన వారున్నారు. 1971 జనవరి 20న పునాదిరాయి పడి, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమైంది. అందులోని కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాము. మన సంఘములలో ఎన్నో కుటుంబములు ఈ రేవు మీద, ఈ ఉక్కు మీద, ఈ సముద్రము మీద బ్రతికినవే.

అంటే మన పిల్లలు పెరిగేది పెద్ద ప్రయోగశాల నడుమ. కొలిమిలో బొగ్గు నుండి పుట్టిన వాయువు ఇనుప రాయిలోని ప్రాణవాయువును లాగుకొనగా ఇనుము మిగులుతుంది. అదే ఇనుము మన కిటికీ చువ్వగా మారి, సముద్రపు ఉప్పుగాలికి ప్రాణవాయువును తిరిగి పట్టుకొని తుప్పు అవుతుంది. తండ్రి కొలిమి వద్ద చేసే పనిని సముద్రము ఇంటి కిటికీ వద్ద తిరగవేస్తున్నది. ఈ ఒక్క సంగతి పిల్లవానికి అర్థమైతే రసాయనశాస్త్రములో సగము భయము పోతుంది. జాలరిపేట పిల్లలకు పోటు, పాటు తెలుసు. ఈ రోజు పోటు వచ్చిన వేళకు రేపు రాదనీ, సుమారు యాభై నిమిషములు ఆలస్యమవుతుందనీ వారి తాతలకు తెలుసు. చంద్రుడు కూడ రోజూ అంతే ఆలస్యముగా ఉదయిస్తాడని బడిలో చెబితే, తాత మాట, పాఠము ఒక చోట కలుస్తాయి.

కాని తరగతి గదిలో జరుగుతున్నది ఏమి? కాపరిగా మేము అనేక పాఠశాలల వార్షికోత్సవములకు వెళ్ళాము. చాలా చోట్ల సైన్సు గది ఉన్నది, బీరువా ఉన్నది, బీరువాకు తాళమున్నది. పరికరములు పగిలితే జవాబు చెప్పవలసి వస్తుందని ఉపాధ్యాయునికి భయము. ‘ఆమ్లములు నీలి లిట్మస్ ను ఎర్రగా మార్చును’ అను వాక్యమును అప్పగించిన పిల్లలను మేము అడిగాము, లిట్మస్ ఎప్పుడైనా చూశారా అని. చూడలేదు. వారికి ఆ పరీక్షలో పూర్తి మార్కులే వచ్చాయి. ప్రయోగము జరిగిన చోట కూడ మగపిల్లలు చేయుట, ఆడపిల్లలు వ్రాసికొనుట అనునది వాడుక. ఇది ఏ ఒక్కరి తప్పు అనుట లేదు. అరువది మంది పిల్లలు, ఒక్క ఉపాధ్యాయుడు, నలుబది నిమిషముల గంట. అక్కడ ఎవరైనా ఏమి చేయగలరు?

దీనివలన నష్టము మార్కులది మాత్రమే కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములో జరిగిన ఘోరము మనము మరువలేదు. నిలువయున్న స్టైరీన్ వేడెక్కి ఆవిరియై ఇండ్ల మీదికి వచ్చింది. పన్నెండుగురు మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లు బరువు. అది పొగవలె పైకి పోదు, నేలనంటి పారుతుంది, పల్లములలో నిలుస్తుంది. సైన్సు పాఠము తెలిసియుంటే ఆ ప్రాణములు దక్కేవని మేము అనుట లేదు. అట్లు అనుట చనిపోయిన వారికి అన్యాయము చేయుటయే. కాపాడవలసిన బాధ్యత నిల్వ చేసిన వారిదీ, పర్యవేక్షించవలసిన వారిదీ. అయితే ఇట్టి పట్టణములో నివసించే ప్రజలు తమ ప్రక్కన ఏ తొట్టిలో ఏమున్నదో అడుగుటకైనా, వచ్చిన జవాబు సరియైనదో కాదో గ్రహించుటకైనా కొంత శాస్త్రము తెలియవలెను కదా. తెలియని వారు అడుగలేరు. అడుగని వారికి ఎవరూ చెప్పరు. ఇదియే మా ఆరాటము.

విశ్వాసమునకు భంగమా?

సైన్సు ఎక్కువైతే పిల్లలు దేవుని మరుస్తారని కొందరు పెద్దలు మనసులో అనుకుంటారు. వారి భయమును మేము తేలికగా తీసివేయము. కాని కీర్తనల గ్రంథము 111వ అధ్యాయము రెండవ వచనమును ఇంటికి వెళ్ళి ఒకసారి చదువుకొనండి. దేవుని కార్యములను ప్రేమించుటకు, వాటిని పరిశోధించుటకు అక్కడ ముడి పడియున్నది. 1874లో కేంబ్రిడ్జిలో తెరిచిన కేవెండిష్ ప్రయోగశాల తలుపు మీద ఆ వచనమునే లాటిన్ భాషలో చెక్కించారు. అప్పటి ఆచార్యుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. వెలుగును, విద్యుత్తును, అయస్కాంతమును ఒకే సూత్రమునకు తెచ్చిన మహానుభావుడు ఆయనయే.

మైకేల్ ఫారడే సంగతి మన యౌవనస్థులకు ప్రత్యేకముగా చెప్పదగినది. కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కుట్టే దుకాణములో పని నేర్చుకుంటూ, కుట్టవలసిన పుస్తకములను చదివేవాడు. 1812లో ఆ దుకాణమునకు వచ్చే ఒక పెద్దమనిషి అతనికి హంఫ్రీ డేవీ గారి ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చాడు. ఆ కుఱ్ఱవాడే 1831లో అయస్కాంతమును కదిలించి విద్యుత్తును పుట్టించవచ్చునని చూపాడు. ఈ రోజు ఈ సభలోని దీపములు వెలుగుతున్నది ఆ సూత్రము మీదనే. జీవితాంతము ఒక చిన్న క్రైస్తవ సంఘములో ఉన్నాడు, అందులో పెద్దగా సేవ చేశాడు. క్రిస్మస్ సెలవులలో పిల్లలను కూర్చుండబెట్టి ఒక్క కొవ్వొత్తిని వెలిగించి, అది ఎట్లు కాలుచున్నదో ఉపన్యాసములుగా చెప్పాడు. ఆరాధనలో రోజూ కొవ్వొత్తి వెలిగించే మనము, ఆ కొవ్వొత్తిని గురించి పిల్లలకు చెప్పవలసినది ఇంకను ఉన్నది. టిక్కెట్లు ఇచ్చిన ఆ పెద్దమనిషికి అయిన ఖర్చు ఎంత? మన సంఘములో అట్టి టిక్కెట్టు ఇవ్వగలవారు ఎందరు?

ఇతరులు చేసినది

1972లో మధ్యప్రదేశ్ లోని హోషంగాబాదు జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలలలో క్రొత్త పద్ధతిలో సైన్సు బోధన ప్రారంభమైంది. దానిని ఎత్తుకున్న రెండు సంస్థలలో ఒకటి రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, అనగా క్వేకరు క్రైస్తవులది. రెండవది కిశోర్ భారతి. పల్లె పిల్లలు చౌక వస్తువులతో తామే ప్రయోగము చేసి, తామే వ్రాసికొని, తామే తీర్మానమునకు రావలెననునది వారి పద్ధతి. 2002లో ప్రభుత్వము దానిని ఆపివేసే వరకు ముప్పది సంవత్సరములు అది సాగింది. మన రాష్ట్రములో చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర ఆవరణము గల అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని బండ్ల మీద పల్లె బడులకు తీసుకొని వెళుతున్నది. బడికి ప్రయోగశాల లేకపోతే ప్రయోగశాలయే బడికి వెళ్ళవచ్చునని వారు చూపారు.

అమెరికాలో 2000 సంవత్సరములో ఛార్లెస్ బెస్ట్ అను బడిపంతులు మరొక మార్గము చూపాడు. ఉపాధ్యాయుడు తన తరగతికి ఏమి కావలెనో, దాని వెల ఎంతో స్పష్టముగా వ్రాస్తాడు. చదివినవారు తమకు నచ్చిన కోరికను ఎంచుకొని తోచినంత ఇస్తారు. వస్తువు చేరిన తరువాత పిల్లలు ఉత్తరములు వ్రాస్తారు. ఆ దేశములో శాస్త్ర విషయములు వ్రాసే రచయితలు కూడ తమ పాఠకులను ఇట్టి సహాయమునకు పురికొల్పారు. శాస్త్రమును గురించి చదివి ఆనందించిన వాడే దానికి చందా ఇస్తాడన్నది వారి అనుభవము.

తెలుగులో ఈ ఆలోచన క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులు గారు సంఘ సంస్కరణతో బాటు జ్యోతిశ్శాస్త్రమును, శరీరశాస్త్రమును సులభముగా తెలుగులో వ్రాశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రములను కూడ తెలుగు ఇండ్లకు చేర్చారు. తరువాతి కాలములో వసంతరావు వెంకటరావు గారు, మహీధర నళినీమోహన్ గారు పిల్లలకు సైతము అర్థమగునట్లు వ్రాశారు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక వారు ‘చెకుముకి’ పత్రికతో బడిపిల్లలను చేరారు. వారి మాటలన్నిటితో మనము ఏకీభవించకపోవచ్చును. కాని పిల్లవాని చేతిలో శాస్త్రమును తెలుగులో పెట్టుటలో వారు పడిన శ్రమను మెచ్చుకొనకపోతే మనము న్యాయము తప్పినవారమవుతాము.

మా పాస్టరేటులో

ఈ ఆలోచనలతో మా పాస్టరేటు మాసపత్రికలో గత నాలుగు సంవత్సరములుగా ఒక పుటను శాస్త్రమునకు కేటాయించాము. పై సగములో ఇంటిలో చేయదగిన ఒక ప్రయోగము. క్రింది సగములో దగ్గరి పాఠశాల ఉపాధ్యాయుని కోరిక ఒకటి, దాని వెలతో సహా.

మొదటి నెల పసుపును గురించి వ్రాశాము. బట్ట మీద పడిన పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. ఇది ప్రతి తల్లికి తెలిసినదే. పసుపులో సున్నము కలిపితే ఎర్రని పారాణి అగుట కూడ అందుకే. నిమ్మరసము పిండితే తిరిగి పసుపుపచ్చ అవుతుంది. కాగితమునకు పసుపు నీరు పూసి ఆరబెట్టితే క్షారములను పట్టియిచ్చే కాగితము మన వంటింటిలోనే తయారు. ఆదివారము ఆరాధన తరువాత స్త్రీల సమాజము వారు పరీక్షించి చూశామని చెప్పినప్పుడు వారి ముఖములలోని సంతోషము చూడవలసినదే. తాము ఇన్నాళ్ళు చేసినది రసాయనశాస్త్రమని వారికి ఎవరూ చెప్పలేదు.

ఆ నెల ఉపాధ్యాయురాలి కోరిక పన్నెండు చేతి భూతద్దములు. ఒక్క ఆదివారములో సొమ్ము సమకూరింది. కొందరు పదిరూపాయల నోటు వేశారు. పిల్లలు ఉత్తరములు వ్రాశారు. ఒక ఆరవ తరగతి బాలిక, చీమ కాళ్ళ మీద వెంట్రుకలు ఉన్నాయి, అవి దానికి ఎందుకు అని అడిగింది. ఆ ఉత్తరమును ప్రకటనల సమయములో చదివాము. ఆ వారమే ఒక వృద్ధ సహోదరుడు రెండవసారి కానుక తెచ్చి, ఆ అమ్మాయికి జవాబు దొరికిందా అని అడిగారు. ఇచ్చిన దాని ఫలితము కంటికి కనబడితే చేయి మరల తెరుచుకుంటుంది.

మరొక సంగతి కూడ చెప్పవలెను. ఒక పాఠశాలకు ఒక దాత మంచి మనసుతో ఖరీదైన సూక్ష్మదర్శినిని, తన తల్లిదండ్రుల పేరు చెక్కిన పలకతో ఇచ్చారు. అది ప్రధానోపాధ్యాయుని గదిలో గాజు పెట్టెలో భద్రముగా ఉన్నది. పిల్లలు దానిని చూస్తారు గాని దానిలోనుండి చూడరు. పన్నెండు భూతద్దములలో నాలుగు ఇప్పటికే గీతలు పడిపోయాయి. గీతలు పడినవియే మన కానుక నెరవేరిన గుర్తు. అప్పటినుండి మేము పరికరముతో బాటు, అది పగిలితే మరల కొనుటకు కొంత సొమ్ము కూడ కలిపి ఇస్తున్నాము. పగిలినందుకు ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కరలేదని ఉపాధ్యాయునికి ఉత్తరము వ్రాసి ఇస్తాము. ఆ ఉత్తరము పోయిన చోట బీరువా తాళము తెరుచుకున్నది.

సొమ్ము కంటె విలువైనది మరొకటి దొరికింది. తుప్పును గురించి వ్రాసిన నెలలో, ఉక్కు కర్మాగారములో పని చేసి విశ్రాంతి పొందిన ఒక సభ్యుడు బడికి వస్తానన్నారు. మూడు మేకులు తెచ్చారు. ఒకటి మంచి నీటిలో, ఒకటి ఉప్పునీటిలో, ఒకటి కాచి చల్లార్చి పైన నూనె పోసిన నీటిలో వేసి, ఏది ముందు తుప్పు పడుతుందో పిల్లలనే చెప్పమన్నారు. వారము దినములు పిల్లలు గంట కొట్టకముందే బడికి పరుగెత్తారట. మన సంఘములలో అట్టి ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, నర్సులు, ఓడ పనివారు, అధ్యాపకులు ఎందరో ఉన్నారు. వారిని మనము కానుకల లెక్క చూచుటకు, కుర్చీలు సర్దుటకు మాత్రమే పిలుస్తున్నాము.

కొన్ని ఆక్షేపణలు

‘గుడి గోడకు సున్నము లేదు, బడికి భూతద్దమెందుకు?’ అని మా సంఘ పెద్ద ఒకరు సూటిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నయే. గోడకు సున్నము ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వేయవచ్చును. ఆరవ తరగతి పిల్లకు ఆరవ తరగతి మరల రాదు. ఆయన అప్పుడు ఒప్పుకొనలేదు. తరువాత తానే వచ్చి ఉష్ణమాపకములకు చందా ఇచ్చారు. గోడకు సున్నము కూడ వేయించాము.

ఇది ప్రభుత్వము పని కాదా అని మరికొందరు అంటారు. అవును, ప్రభుత్వము పనియే. దానిని అడుగుట మానరాదు. కాని 1976లో మన రాజ్యాంగములో చేర్చిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుట ప్రతి పౌరుని విధి అని ఉన్నది. ప్రతి పౌరుడు అన్నప్పుడు మనము కూడ అందులో ఉన్నాము.

మన పిల్లలు చదివే పాఠశాల కాదు గదా, ప్రభుత్వ పాఠశాలకు మనమెందుకు ఇవ్వాలి అని అడిగినవారు కూడ ఉన్నారు. మంచి సమరయుని కథలో గాయపడినవాడు ఏ ఊరివాడు, ఏ మతమువాడు అని ఎవరూ విచారించలేదు. ఒక మాట మాత్రము గట్టిగా చెబుతాము. ఈ సహాయమును సువార్తకు ఎర చేయరాదు. భూతద్దముతో కరపత్రము ఇవ్వకూడదు. ప్రేమకు రసీదు అడుగరాదు.

డయోసీసు ముందు మా విన్నపములు

ఈ శతవార్షికోత్సవ స్మారకముగా తోరణములు, శిలాఫలకములు వస్తున్నవి. వాటిని మేము కాదనుట లేదు. వాటితో బాటు నాలుగు పనులు చేయమని వేడుకుంటున్నాము.

మొదటిది, శతవార్షిక కృతజ్ఞతార్పణలో పదియవ వంతును పాఠశాలల సైన్సు గదులకు ప్రత్యేకించవలెను. దశమ భాగము ఇచ్చే అలవాటు మన సభ్యులకు నేర్పినవారము మనమే. డయోసీసు కూడ తాను అందుకున్నదానిలో దశమ భాగమును పిల్లలకు ఇచ్చి చూపవలెను.

రెండవది, ప్రతి పాస్టరేటు తన దగ్గరిలోని ఒక పాఠశాలను, అది మనదైనా ప్రభుత్వముదైనా, స్వీకరించవలెను. ఏమి కావలెనో ఉపాధ్యాయుడే చెప్పవలెను. మనకు తోచినది కొని పంపరాదు.

మూడవది, డయోసీసు పత్రికలో నెలకు ఒక పుట తేట తెలుగులో శాస్త్రమునకు ఇవ్వవలెను. వ్రాసేవారు పండితులు కానక్కరలేదు. తమ పనిని ప్రేమించి, అమ్మమ్మకు అర్థమయ్యేటట్లు చెప్పగలవారైతే చాలును.

నాలుగవది, శాస్త్రము తెలిసిన సభ్యులు నెలకు రెండు గంటలు బడికి ఇవ్వవలెను. స్త్రీలు ముందుకు రావలెను. తెల్ల కోటు వేసుకొన్న తల్లిని చూచిన ఆడపిల్ల ఇక వ్రాసికొనుటతో తృప్తిపడదు, తానే పరీక్షనాళిక పట్టుకుంటుంది.

ప్రియులారా, వంద సంవత్సరముల క్రిందట మన పెద్దలు ఇచ్చినది ఎక్కువ భాగము పిడికెడు బియ్యము, కోడిగ్రుడ్లు, కోత పండుగ ధాన్యము. ఆ పిడికిళ్ళతోనే మన గుడులు, మన బడులు లేచాయి. మన పిడికిళ్ళు ఈ రోజు వారి పిడికిళ్ళకంటె పెద్దవి. అచ్చయ్యమ్మ గారివలె, ఎవరి చేతికి చేరుతుందో తెలియకుండ ఇచ్చే మనసు మాత్రము వారినుండి అడిగి తెచ్చుకొనవలెను. ఈ సంవత్సరము మన ఊరి బడులలో ఒక్క తాళమైనా తెరిపించగలిగితే, రెండవ శతాబ్దమును మంచి పనితో ఆరంభించినవారమవుతాము. అందుకు దేవుడు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.